సరుకు రేవు చేరింది, సొమ్ము చేరలేదు: ఎల్‌సీ ఉండి కూడా ఎందుకిలా?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు మూడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, సంస్థ పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆయన తండ్రిగారు నలభై ఏళ్లుగా మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తున్నారు. ఈయన కొన్నేళ్లు చెన్నై ఎగుమతిదారులకు సరుకు సమకూర్చి, ఆ తరువాత సొంతంగా ఎగుమతి కోడు తీసుకొని, తొలిసారిగా కౌలాలంపూర్‌లోని ఒక వర్తకుడికి నేరుగా అమ్మారు. తొడిమ తీసిన తేజ రకం మిర్చి 28 టన్నులు, టన్ను 2,100 డాలర్లు, మొత్తం 58,800 డాలర్లు. కొత్తవాడితో వ్యాపారం కనుక జాగ్రత్తగా ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే చెప్పిన పత్రాలు సమర్పిస్తే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే మాట) అడిగారు. అది వచ్చాకే సరుకు కొన్నారు. పెట్టుబడికి తండ్రిగారి ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో 35 లక్షల ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి సరుకు కొనేందుకు ఇచ్చే అప్పు) తీసుకున్నారు.

ఎల్‌సీ ప్రకారం సరుకు 20వ తేదీలోగా నౌక ఎక్కాలి. కంటైనర్లు 18వ తేదీకే చెన్నై రేవుకు చేరాయి గానీ నౌక ఆలస్యమై 22న బయలుదేరింది. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు నౌక ఎక్కినట్లు నౌకా కంపెనీ ఇచ్చే పత్రం) మీద 20వ తేదీ వేయిస్తానని ఏజెంటు అంటే ఈయన ఒప్పుకోలేదు. 28న గుంటూరులోని తన బ్యాంకుకు పత్రాలు ఇచ్చారు. లోపాలు ఉన్నాయని, బాధ్యత తనదేనని రాయించుకొని బ్యాంకు వాటిని పంపింది. అవి మరుసటి నెల 3వ తేదీ సోమవారం కౌలాలంపూర్ బ్యాంకుకు చేరినట్లు కొరియర్ రసీదు ఉంది. 12వ తేదీ బుధవారం గుంటూరు బ్యాంకు ఫోన్ చేసి, పత్రాలను తిరస్కరించారని చెప్పింది. చూపిన లోపాలు మూడు: సరుకు రెండు రోజులు ఆలస్యంగా నౌక ఎక్కింది, ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీలో ఉన్నట్లు లేదు, ప్యాకింగ్ జాబితాలో కొనుగోలుదారు ఫోన్ నంబరు లేదు. అంతలో ధర పడిపోయింది. కొనుగోలుదారు 15 శాతం తగ్గిస్తేనే పత్రాలు విడిపించుకుంటానని, పది రోజుల్లో చెప్పమని మెయిల్ పంపాడు. ఈయన ఇంకా జవాబివ్వలేదు. రెండో విడత సరుకుకు మరో ఎల్‌సీ చేతిలో ఉండగా, దానికి ఒక సవరణ కూడా వచ్చింది. ‘ఎల్‌సీ అంటే బ్యాంకు హామీ అన్నారు, మరి బ్యాంకే నన్ను ఎందుకు మోసం చేసింది? తేదీ మార్పించుకోకపోవడం నా తెలివితక్కువని తమ్ముడు అంటున్నాడు. నాన్న భోజనాల దగ్గర మాట్లాడటం మానేశారు. తగ్గించి ఇచ్చేయనా, సరుకు వెనక్కి తెప్పించుకోనా, కోర్టుకు వెళ్లనా?’ అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడగని ఒక విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ కేసు మొత్తం దాని మీదే తిరగవచ్చు. పత్రాలు 3వ తేదీ సోమవారం చేరాయి. తిరస్కరణ 12వ తేదీ బుధవారం మీ చెవిన పడింది. ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో మీరు ఇంకా ఎవరినీ అడగలేదు.

ఎల్‌సీలు దాదాపు అన్నీ పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన నియమావళికి లోబడి తెరుస్తారు. దాని తొలి రూపం 1933లో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది యూసీపీ 600. ఇది 2007 జులై 1 నుంచి అమలులో ఉంది, ఇందులో 39 అధికరణాలు ఉన్నాయి. మీ ఎల్‌సీలో కూడా ఆ పేరు ఉంటుంది, చూసుకోండి. పత్రాలు అందిన మరుసటి రోజు నుంచి లెక్కించి ఐదు బ్యాంకు పనిదినాల్లోగా వాటిని ఒప్పుకుంటున్నదో లేదో బ్యాంకు తేల్చాలని ఈ నియమావళి చెబుతుంది. అంతకు ముందున్న నియమావళిలో ఏడు పనిదినాలకు మించని ‘సహేతుకమైన సమయం’ అని ఉండేది. ఆ సహేతుకం ఎంత అన్న తగవులు తెగక 2007లో దాన్ని ఐదు రోజులకు కుదించి ఖాయం చేశారు.

తిరస్కరించదలచిన బ్యాంకు ఆ గడువులోగా ఒకే ఒక్క నోటీసు ఇవ్వాలి. తాను తిరస్కరిస్తున్నానని, ఏయే లోపాల వల్ల తిరస్కరిస్తున్నదీ, పత్రాలను ఏం చేస్తున్నదీ, ఈ మూడూ అందులో ఉండాలి. గడువు దాటినా, నోటీసు అసంపూర్ణంగా ఉన్నా, పత్రాలు సరిగా లేవని చెప్పే హక్కును 16వ అధికరణం కింద ఆ బ్యాంకు కోల్పోతుంది. లోపం నిజంగా ఉన్నా సరే, డబ్బు చెల్లించవలసిందే.

మీ తేదీలు లెక్కపెడదాం. 4న మొదటి రోజు, 7న నాలుగో రోజు, శని ఆదివారాలు పోను 10వ తేదీ సోమవారం ఐదో రోజు. నోటీసు 12న బయలుదేరి ఉంటే గడువు మించిపోయినట్లే. అయితే తొందరపడి సంతోషించకండి. కౌలాలంపూర్ బ్యాంకు 10వ తేదీనే స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య సందేశాలు నడిచే వ్యవస్థ) సందేశం పంపి, మీ బ్యాంకు శాఖలో అది రెండు రోజులు ఎవరూ చూడకుండా ఉండి ఉంటే ఈ వాదన నిలవదు. పంపిన సమయమే లెక్కకు వస్తుంది గానీ మీకు ఫోన్ వచ్చిన సమయం కాదు. మధ్యలో అక్కడ రెండు సెలవు రోజులు పడి ఉంటే 12వ తేదీ కూడా గడువులోపలే అవుతుంది. అందుచేత బ్యాంకుకు వెళ్లి తిరస్కరణ సందేశం ముద్రిత ప్రతిని అడగండి. దాన్ని ఎంటీ 734 అంటారు. నోటిమాటతో సరిపెట్టుకోకండి. సందేశం పంపిన తేదీ, సమయం దాని మీదే ఉంటాయి. మలేసియా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ఆ నెలలో కౌలాలంపూర్ బ్యాంకు సెలవులు ఏమున్నాయో చూడండి. మీ బ్యాంకు పత్రాలతో పాటు పంపిన కవరింగ్ షెడ్యూలును కూడా చదవండి. ఎల్‌సీ కింద సమర్పిస్తున్నట్లు అందులో ఉంటే మంచిది. ఎల్‌సీ ప్రస్తావన వదిలేసి కేవలం వసూలు కోసం, కలెక్షన్ నియమాల కింద పంపుతున్నట్లు రాసి ఉంటే మాత్రం ఈ ఐదు రోజుల రక్షణే మీకు దక్కకపోవచ్చు.

ఇప్పుడు బ్యాంకు మోసం చేసిందన్న మీ బాధ గురించి. మీరు పంపిన మిర్చి ఎర్రగా, ఎండుగా, తాలు కాయ లేకుండా ఉందని నేను నమ్ముతాను. కానీ ఆ మిర్చిని కౌలాలంపూర్ బ్యాంకు చూడలేదు, చూడదు, చూడకూడదు కూడా. ఎల్‌సీలో బ్యాంకు ఇచ్చిన మాట మీ సరుకుకు ఇచ్చినది కాదు, మీ కాగితాలకు ఇచ్చినది. ఫలానా కాగితాలు, ఫలానా తేదీలోగా, ఫలానా మాటలతో తెస్తే డబ్బు ఇస్తానన్నది, అంతే. ఇక గుంటూరులోని మీ బ్యాంకు ఇచ్చిన మాట ఇంకా చిన్నది: ఆ ఎల్‌సీ అసలైనదేనని నిర్ధారించుకొని మీకు అందజేయడం. అది మీకు డబ్బు ఇస్తానని ఎన్నడూ అనలేదు. మీ చేత బాధ్యత పత్రం రాయించుకున్న రోజున, తేదీ దాటిన పత్రాలకు ఏమవుతుందో కూర్చోబెట్టి చెప్పి ఉండవలసింది. అది వారి ధర్మం, చేయలేదు. కానీ అది మోసం కాదు.

ఈ కాగితాల కాఠిన్యం ఇవాళ మీకు శత్రువులా కనిపిస్తున్నది గానీ, అమ్మేవాడికి ఎల్‌సీ విలువ అంతా అందులోనే ఉంది. 1960లలో మద్రాసుకు చెందిన తారాపూర్ అండ్ కంపెనీ ఫరక్కా బరాజు కాలువ పనుల కోసం సోవియట్ ప్రభుత్వ సంస్థ నుంచి మట్టి తవ్వే యంత్రాలు కొన్నది. యంత్రాలు సరిగా పనిచేయడం లేదని, కనుక ఎల్‌సీ కింద డబ్బు చెల్లించకుండా ఆపాలని కోర్టుకెక్కింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అమ్మకపు ఒప్పందం వేరు, ఎల్‌సీ వేరు, సరుకు మీద తగవు ఉంటే వేరుగా తేల్చుకోండి, బ్యాంకు చెల్లింపును ఆపేది లేదు అని కోర్టు తేల్చింది. మీ పత్రాలు సరిగా ఉన్న పక్షంలో, ధర పడిపోయిందని ఆ కౌలాలంపూర్ వర్తకుడు ఎంత గింజుకున్నా మీ డబ్బు ఆగేది కాదు. అతను వెతుకుతున్నది లోపం కాదు, తప్పుకునే దారి. ఆ దారి మన కాగితాల్లో దొరికింది.

మూడు లోపాల్లో మూడోది అసలు లోపమే కాదు. కొనుగోలుదారు ఫోన్, మెయిల్ వంటి వివరాలు ఎల్‌సీలో చిరునామాతో పాటు ఉన్నా వాటిని పట్టించుకోనక్కర లేదని 14వ అధికరణం చెబుతుంది. సరుకు ఎవరికి చేరాలి, ఎవరికి కబురు చేయాలి అన్న గడుల్లో, అదీ నౌకా పత్రం మీద అయితేనే వాటికి విలువ. రెండోది నిజమైన లోపం. ఎల్‌సీలో ‘తేజ ఎస్17, తొడిమ లేనిది, కొత్త పంట’ అని ఉంటే మీ ఇన్‌వాయిస్‌లో ‘ఎండు మిర్చి, తేజ’ అని మాత్రమే ఉన్నదని రాశారు. మిగిలిన పత్రాల్లో సరుకును స్థూలంగా చెప్పినా చెల్లుతుంది గానీ ఇన్‌వాయిస్‌లో వర్ణన ఎల్‌సీకి సరిపోవాలి. అక్షర దోషం వేరు, మాట వదిలేయడం వేరు. ఒక అక్షరం అటుఇటైతే, అర్థం మారనంతవరకు, బ్యాంకు దాన్ని లోపంగా చూపకూడదు. ‘తొడిమ లేనిది’ అన్న మాటే లేకపోతే మాత్రం, యార్డులో తొడిమ తీసిన కాయకూ తీయని కాయకూ ధరలో ఎంత తేడా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర లేదు. ఇది గడువులోగా కొత్త ఇన్‌వాయిస్ పెట్టి సరిచేయగలిగిన తప్పు. మొదటిది అలాంటిది కాదు. నౌక బయలుదేరిన తేదీని ఎవరూ వెనక్కి తిప్పలేరు.

తిప్పవచ్చని మీ ఏజెంటు అన్నాడు, తమ్ముడు అంటున్నాడు. ఈ ఒక్క విషయంలో మీకు ప్రత్యామ్నాయాలు చెప్పను. మీరు చేసింది సరైన పని. ఎల్‌సీ కింద చెల్లింపును ఆపగలిగిన బలమైన కారణం మోసమే. తప్పుడు తేదీ అని తెలిసి మీరు ఆ పత్రం సమర్పిస్తే మోసం చేసినవారు మీరే అవుతారు. నౌకల రాకపోకల తేదీలు ఇవాళ ఎవరైనా ఫోన్‌లో చూసుకోగలరు. అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ 1982లో తీర్పు చెప్పిన ఒక కేసులో సరుకు 1976 డిసెంబరు 16న నౌక ఎక్కితే పత్రం మీద 15 అని వేశారు. ఒక్క రోజు తేడా. ఆ తేదీ వివాదంలో అమ్మకందారు గెలిచాడు, కానీ ఎందుకు? తేదీ మార్చింది లోడింగ్ బ్రోకరు (నౌక తరఫున సరుకు ఎక్కింపు చూసేవాడు), ఆ సంగతి అమ్మకందారుకు తెలియదు కనుక. మీకు తెలుసు. మీ తమ్ముడికి ఈ మాట చెప్పండి. మీరు 18న గానీ 19న గానీ చేయవలసిన పని మరొకటి ఉంది: నౌక ఆలస్యమవుతున్నదని తెలియగానే కొనుగోలుదారుకు మెయిల్ పెట్టి, చివరి తేదీని వారం పొడిగిస్తూ ఎల్‌సీ సవరణ తెప్పించుకోవడం. అప్పటికి ధర పడలేదు, అతనికి సరుకు కావాలి. బహుశా కాదనేవాడు కాదు.

ఇక మీ ముందున్న దారులు. నోటీసు గడువు దాటి వచ్చిందని తేలితే, 16వ అధికరణాన్ని ఉటంకిస్తూ వెంటనే సొమ్ము చెల్లించమని మీ బ్యాంకు ద్వారా కౌలాలంపూర్ బ్యాంకుకు స్విఫ్ట్ సందేశం పంపించండి. దీనికి ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. మీ శాఖవారు వెనుకాడితే వారి విదేశీ వాణిజ్య విభాగంతో మాట్లాడించండి. ఈ దారి ఎంచుకుంటే రెండు జాగ్రత్తలు తప్పవు. కొనుగోలుదారుతో తగ్గింపు బేరం ఆడుతూ మెయిళ్లు రాయకండి, ‘నా లోపం వల్ల’ అన్న మాట ఎక్కడా రానివ్వకండి. పత్రాలు తిరిగి పంపమని కూడా ఇప్పుడే అడగకండి. ఆ బ్యాంకు వెంటనే తలొగ్గుతుందని అనుకోవద్దు. కొన్ని వారాలు ఉత్తర ప్రత్యుత్తరాలు నడవవచ్చు, ఈలోపు రేవులో కంటైనర్ల మీద డెమరేజి (ఆలస్యపు రుసుము) పెరుగుతూ ఉంటుంది, ఆ వర్తకుడితో సంబంధం కూడా చెడవచ్చు. వాదన తెగకపోతే ఇలాంటి పత్రాల తగవులను నిపుణుల చేత తేల్పించే డాక్‌డెక్స్ అనే ఏర్పాటు అంతర్జాతీయ వాణిజ్య మండలిలోనే ఉంది. మలేసియా కోర్టుకు వెళ్లే హక్కు కూడా మీకు ఉంటుంది గానీ, 58,800 డాలర్ల కోసం పరదేశంలో లాయర్‌ను పెట్టుకోవడం నాకు లాభసాటిగా కనిపించడం లేదు.

నోటీసు సకాలంలోనే వచ్చి ఉంటే బలం కొనుగోలుదారు వైపు ఉంటుంది, అయినా పూర్తిగా కాదు. బేరానికి దిగే ముందు ఒక పని చేయండి. సరుకు ఇంకా రేవులోనే ఉందని అతను చెప్పాడని రాశారు. అతని మాట మీద ఆధారపడకండి. కంటైనర్ల నంబర్లు మీ దగ్గర ఉన్నాయి, షిప్పింగ్ కంపెనీ వెబ్‌సైటులో వాటి కదలికలు కనిపిస్తాయి. చెన్నై నుంచి కౌలాలంపూర్ దగ్గరి రేవు పోర్ట్ క్లాంగ్‌కు దూరం తక్కువ కనుక పత్రాల కంటే సరుకే ముందు చేరుతుంది. అలాంటప్పుడు కొనుగోలుదారులు బ్యాంకు చేత షిప్పింగ్ గ్యారంటీ (అసలు పత్రం తరువాత ఇస్తామని నౌకా కంపెనీకి ఇచ్చే హామీ) ఇప్పించి సరుకు విడిపించుకోవడం మామూలే. కంటైనర్లు గేటు దాటి ఖాళీగా తిరిగి వచ్చాయని గనుక తేలితే, సరుకు తీసుకొని పత్రాలను తిరస్కరిస్తున్నారన్న మాట, అప్పటిదాకా జరిగిన బేరాన్నంతా తలకిందులు చేస్తుంది.

సరుకు నిజంగా రేవులోనే ఉంటే లెక్క వేసుకోండి. 15 శాతం అంటే 8,820 డాలర్లు. సరుకు వెనక్కి తెప్పిస్తే అక్కడి డెమరేజి, తిరుగు ఓడ కిరాయి, ఇక్కడ మళ్లీ కస్టమ్స్ పని, పైగా నెలల తరబడి తేమ గాలిలో ఉండి రంగు తగ్గిన కాయ. ఆ కాయ గుంటూరులో ఏ ధర పలుకుతుందో నాకంటే మీ నాన్నగారికి బాగా తెలుసు, ఆయననే అడగండి. అడిగితే భోజనాల దగ్గర మౌనం కూడా కొంత వీగుతుందేమో. నా అంచనాలో వెనక్కి తెప్పించడం అన్నిటికంటే నష్టం. పెనాంగ్‌లోనో సింగపూర్‌లోనో మరో కొనుగోలుదారును వెతకడం నయమైన దారి. అయితే మీ బిల్ ఆఫ్ లేడింగ్ ‘బ్యాంకు ఆర్డరు’ మీద ఉన్నదని రాశారు. అంటే కౌలాలంపూర్ బ్యాంకు దాన్ని ఎండార్స్ చేసి (వెనుక సంతకం పెట్టి) తిరిగి ఇచ్చేదాకా సరుకు మరొకరికి చేరదు. మీ బ్యాంకు ద్వారా అడిగితే ఇస్తారు, కానీ రోజులు పడతాయి. అయినా మరో కొనుగోలుదారు నుంచి రాతపూర్వకమైన ధర తెప్పించుకోండి. అమ్మకపోయినా, అది చేతిలో ఉంటే 15 శాతం కంటే తక్కువ తగ్గింపుకు అతన్ని దించగలరు.

బేరం కుదిరితే అది బ్యాంకు ద్వారానే జరగాలి. లోపాలను మన్నిస్తున్నట్లు అతను తన బ్యాంకుకు రాసివ్వాలి, ఆ బ్యాంకు ఒప్పుకోవాలి, తగ్గించిన మొత్తం చెల్లించాకే పత్రాలు అతని చేతికి వెళ్లాలి. అతను సరేనన్నా బ్యాంకు ఒప్పుకొని తీరాలన్న నియమం లేదని కూడా గుర్తుంచుకోండి. ‘పత్రాలు వదిలేయమనండి, సరుకు అమ్మి టీటీ (నేరుగా బ్యాంకు బదిలీ) చేస్తాను’ అంటే మాత్రం ఎంత తీయగా చెప్పినా వినకండి. ధర తగ్గిస్తున్న సంగతి ముందుగా మీ బ్యాంకుకు రాసి అనుమతి తీసుకోండి, లేకపోతే ఎగుమతి సొమ్ము పూర్తిగా రాలేదని ఆ బిల్లు రికార్డుల్లో తెరిచే ఉండిపోతుంది. ప్యాకింగ్ క్రెడిట్ గడువు విషయం కూడా అదే లేఖలో పెట్టండి. ఇల్లు తాకట్టులో ఉంది కనుక, గడువు దాటకముందే తిరస్కరణ సందేశం ప్రతి జతచేసి పొడిగింపు అడిగినవారికీ, దాటాక దొరికినవారికీ బ్యాంకు చూపే ముఖం ఒకటి కాదు.

రెండో ఎల్‌సీ గురించి మీరు చివర నాలుగు వాక్యాలే రాశారు గానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. కొనుగోలుదారు ప్రతినిధి సంతకం చేసిన తనిఖీ ధ్రువపత్రం కూడా సమర్పించాలని సవరణ వచ్చిందన్నారు. మూడు రోజుల్లో కాదనకపోతే ఒప్పుకున్నట్లేనని అందులో ఉందన్నారు. ఆ మూడు రోజుల షరతు చెల్లదు. మీ సమ్మతి లేకుండా ఎల్‌సీని మార్చలేరని, మౌనాన్ని అంగీకారంగా చూపే ఇలాంటి షరతును పట్టించుకోనక్కర లేదని 10వ అధికరణం స్పష్టంగా చెబుతున్నది. కానీ ఆ సవరణకు తగిన పత్రాలు మీరు సమర్పిస్తే ఆ క్షణం నుంచి ఒప్పుకున్నట్లే అవుతుంది. ధ్రువపత్రం మీద సంతకం పెట్టేది అతని మనిషే అయినప్పుడు, ధర పడిన రోజున ఆ సంతకం దొరకదు, అది దొరకనిదే డబ్బు రాదు. కనుక సవరణ మాకు సమ్మతం కాదని మీ బ్యాంకు ద్వారా రాతపూర్వకంగా పంపండి. తనిఖీ కావాలంటే ఇద్దరికీ సంబంధం లేని తనిఖీ సంస్థ చేత చేయిస్తామని చెప్పండి. అతను పట్టుబడితే ఆ ఎల్‌సీ కింద సరుకు పంపకపోవడం కూడా మీ చేతిలో ఉన్న దారే. మొదటి సొమ్ము తేలేదాకా నేనైతే ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా లారీ ఎక్కించను.

ఒకవేళ పంపాలనే నిర్ణయించుకుంటే, మన దేశంలోని ఒక బ్యాంకు చేత ఆ ఎల్‌సీని కన్‌ఫర్మ్ చేయించుకునే వీలుందేమో అడగండి. రుసుము ఉంటుంది, కానీ అప్పుడు చెల్లించే బాధ్యత ఇక్కడి బ్యాంకుకు కూడా చేరుతుంది. ప్రభుత్వ రంగంలోని ఎగుమతి రుణ బీమా సంస్థ ఈసీజీసీ ఇచ్చే బీమా కూడా ఉంది. విదేశీ కొనుగోలుదారు, అక్కడి బ్యాంకు దివాలా తీసే ముప్పుకు అది పనికొస్తుంది గానీ, మీ పత్రాల్లోని లోపాల వల్ల వచ్చే నష్టాన్ని భరిస్తుందని అనుకోవద్దు. సరుకు కొనకముందే ఎల్‌సీ ప్రతిని, ముసాయిదా ఇన్‌వాయిస్‌ను పక్కపక్కన పెట్టుకొని మాట మాటా సరిచూడండి. చివరి నౌకా తేదీ, కంటైనర్లు చెన్నై రేవుకు చేరగలిగిన తేదీకి కనీసం పదిహేను రోజుల తరువాత ఉండేలా ముందే రాయించుకోండి. నౌక ఎక్కిన రోజు నుంచి 21 రోజుల్లోగా పత్రాలు సమర్పించాలన్న గడువు ఎల్‌సీలో రాయకపోయినా వర్తిస్తుంది కనుక, 22న సరుకు ఎక్కితే పత్రాలను 28 దాకా ఇంట్లో ఉంచకండి. మూడో రోజునే ఇస్తే, తప్పు ఏదైనా బయటపడినా సరిచేసుకునేందుకు మీకు రెండు వారాలకు పైగా మిగులుతుంది.